శత్రువు భాషకు జీతమా?

"శత్రుదేశపు భాష నేర్చుకొనేవారికి మన పన్నుల సొమ్ముతో నెలనెలా జీతమా?" అన్న ప్రశ్న గత కొన్నేళ్లుగా నా చెవిన పడుతూనే ఉంది. అడిగేవారు చదువు లేనివారు కారు. నాతోపాటు పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు అడుగుతున్నారు. పత్రికలకు లేఖలు వ్రాసే పెద్దలు అడుగుతున్నారు. టీవీ చర్చల్లో మెడనరాలు ఉబ్బేలా అరిచేవారు మాత్రం అడగనైనా అడగరు, నేరుగా తీర్పే చెప్పేస్తారు. సమకాలీన చైనా అధ్యయనానికి ఇచ్చే పరిశోధక వేతనాలు దండుగ అని వీరందరి అభిప్రాయం. అవి దండుగ కావనీ, ఇప్పుడిస్తున్నవి చాలవనీ, ఇచ్చే పద్ధతి కూడా తప్పనీ నా అభిప్రాయం. అందుకే ఈ టపా.

నీకెందుకయ్యా ఈ గొడవ, నీవేమైనా చైనీయ పండితుడవా అంటారేమో. కాను. ఆ భాషలో నాకు పట్టుమని పది అక్షరాలు రావు. భాషాప్రవీణ చదివి, ముప్పైరెండేళ్లు జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పుకొని బతికినవాణ్ణి. అయినా ఇందులో నోరు చేసుకొనే అధికారం నాకుందనే అనుకొంటాను. ఒక గ్రంథాన్ని మూలంలో చదవడానికీ, దాన్ని గురించి ఎవరో చెప్పగా విని తల ఊపడానికీ ఉన్న తేడాను పిల్లలకు చెప్పడమే నా జీవితమంతా నేను చేసిన పని.

ముందు ఒక మాట. 'ఉపకార వేతనం' అనే పదబంధం నాకు నచ్చదు. ఎవరు ఎవరికి చేస్తున్న ఉపకారం? నాలుగేళ్లు కళ్లు కాయలు కాచేలా చదివి, దేశానికి పనికివచ్చే సంగతి ఒకటి తవ్వి తెచ్చే మనిషికి మనం చేసే ఉపకారమేమీ లేదు. పాటకపు జనం వాడే 'ఫెలోషిప్పు' ఈ విషయంలో నయం. దానినే వాడతాను.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణాలర్పించారు. వారి నాయకుడు కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ వార్త తెలిసిననాడు తెలుగు లోగిళ్లలో ఎంతమంది కంటతడి పెట్టారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ దుఃఖాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నేను అనబోవడం లేదు. అయితే దుఃఖం తరువాత మనం చేసిన పనులు చూడండి. జూన్ 29న 59 చైనా యాప్‌లను నిషేధించాం. అది భద్రతకు సంబంధించిన నిర్ణయం, నాకు తెలియని విద్య, వదిలేస్తాను. సరిగ్గా నెల తిరిగేసరికి, జూలై 29న, కేంద్ర మంత్రిమండలి నూతన జాతీయ విద్యావిధానాన్ని ఆమోదించింది. పాఠశాలల్లో నేర్పదగిన విదేశీభాషలకు ఉదాహరణలు చెబుతూ 2019 నాటి ముసాయిదా చైనీయాన్ని పేర్కొంది. ఆమోదం పొందిన ప్రతిలో కొరియను, జపనీసు, థాయి, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, పోర్చుగీసు, రష్యను ఉన్నాయి. చైనీయం లేదు. అది ఉదాహరణల పట్టిక మాత్రమే, నేర్చుకోవద్దని ఎవరన్నారు అని సమర్థించేవారున్నారు. ఉన్న పేరును కొట్టివేయడానికి కలమెత్తినవానికి ఏ ఉద్దేశమూ లేదంటే నమ్మడానికి నేను సిద్ధంగా లేను. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. చైనా సైన్యం మీది కోపం చైనా అక్షరాల మీద చూపాం. ఆ అక్షరాలు రాకపోతే నష్టపోయేది చైనా సైన్యమా, మనమా?

ఈ పని మనకంటే డెబ్బై ఏళ్ల ముందే అమెరికా చేసి చూసింది. 1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచిన తరువాత అక్కడ "చైనాను పోగొట్టింది ఎవరు?" అని వేట మొదలయింది. దొరికినవారు ఎవరు? జాన్ సర్వీస్, జాన్ పేటన్ డేవీస్ వంటి దౌత్యవేత్తలు. ఇద్దరూ చైనాలోని సిచువాన్‌లో మిషనరీల ఇళ్లలో పుట్టినవారే. యుద్ధకాలంలో చాంగ్ కై షేక్ ప్రభుత్వం కుళ్లిపోయిందనీ, కమ్యూనిస్టుల బలం పెరుగుతోందనీ ఉన్నమాట వ్రాసి పంపడమే వారు చేసిన నేరం. 1951లో సర్వీస్‌నూ, 1954లో డేవీస్‌నూ కొలువునుండి తొలగించారు. ఓవెన్ లాటిమోర్ అనే పండితుణ్ణి కోర్టుకీడ్చి, చివరికి 1955లో ఆ అభియోగాలను ఉపసంహరించుకొన్నారు. ఆ తరువాత వియత్నాం వచ్చింది. ఆ యుద్ధాన్ని నడిపిన రక్షణమంత్రి మెక్‌నమారా 1995లో ప్రచురించిన తన స్మృతుల్లో, తూర్పు ఆసియా తెలిసినవారిని తామే వెళ్లగొట్టుకొన్నందువల్ల సలహా చెప్పేవాడు కరువయ్యాడని డేవీస్, సర్వీస్‌ల పేర్లు పెట్టి మరీ ఒప్పుకొన్నాడు. అప్పటికి లక్షల ప్రాణాలు పోయి ఇరవై ఏళ్లయింది.

విచిత్రమేమంటే, అదే అమెరికా మరో పక్క భయం వేయగానే పెట్టె తెరిచింది. 1957 అక్టోబరులో సోవియట్ స్పుత్నిక్ ఆకాశంలోకి ఎగిరింది. 1958లో 'జాతీయ రక్షణ విద్యాచట్టం' వచ్చింది. చట్టం పేరులోనే చూడండి, విద్యకు ముందు రక్షణ! దాని ఆరో అధ్యాయం కింద చైనీయం వంటి భాషలు నేర్చుకొనేవారికి ఫెలోషిప్పులు ఇచ్చారు. ఫోర్డ్ ఫౌండేషను విశ్వవిద్యాలయాలకు డబ్బు కుమ్మరించింది. హార్వర్డ్‌లో ఫెయిర్‌బ్యాంక్ వంటివారు ఒక తరాన్ని తయారుచేశారు. చైనాలో అడుగుపెట్టే వీలులేని ఆ కాలంలో 1963లో హాంకాంగ్‌లో ఒక పరిశోధన కేంద్రం తెరిచి, సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులను కూర్చోబెట్టి ఊరి సంగతులు, ఫ్యాక్టరీ సంగతులు అడిగి వ్రాసుకొన్నారు. భయంతో వచ్చిన డబ్బే అయినా దానితో నేర్చుకొన్న భాష భయానికి లోబడలేదు. అదే డబ్బుతో చదివిన కుర్రవాళ్లు 1968లో ఒక సంఘం పెట్టి, వియత్నాం యుద్ధాన్నీ, దానికి వంతపాడుతున్న తమ గురువుల మౌనాన్నీ నిలదీశారు. ఫెలోషిప్పు ఇచ్చినవాడు ఆశించేది ఒకటి, చదువు ఇచ్చేది మరొకటి. ఈ సంగతి నాకు ఎంతో ఊరట.

అయినా పాఠం ఒంటబట్టలేదు. 2020 జూలైలో అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో చైనా, హాంకాంగ్‌లకు వెళ్లే ఫుల్‌బ్రైట్ కార్యక్రమాన్ని ఆపేశాడు. అదే నెలలో మన పట్టికలోంచి చైనీయం పోయింది. రెండు ప్రజాస్వామ్యాలకూ ఒకే నెలలో ఒకే జబ్బు!

ఇక మన కథ. మొదలు మాత్రం ఎంతో అందమైనది. 1937లో రవీంద్రుడు శాంతినికేతనంలో చీనా భవనం ప్రారంభించాడు. దానికి ఊపిరి పోసినవాడు తాన్ యున్‌షాన్ అనే చైనా పండితుడు. కవి పిలిస్తే వచ్చి, ఇక్కడే ఉండిపోయినవాడు. అప్పుడు ఎవరూ ఎవరికీ భయపడి చదవలేదు. 1962 తరువాత అంతా మారింది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన శాఖ మొదలయింది. 'చైనా రిపోర్ట్' పత్రిక కూడా ఆ ఏడాదే మొదలు. ఓడిపోయిన తరువాత మనకు వచ్చిన బుద్ధి అది. ఆ బుద్ధికి కూడా ఫోర్డ్ ఫౌండేషను డబ్బు తోడు కావలసివచ్చింది. 1976 దాకా ఇరుదేశాల నడుమ రాయబారులే లేరు. ఆ రోజుల్లో మనవారు చైనా గడప తొక్కకుండానే, పాత పత్రికలూ రేడియో ప్రసారాల అనువాదాలూ ముందు వేసుకొని చైనాను చదివారు. మనోరంజన్ మొహంతి, మీరా సిన్హా భట్టాచార్య, జి. పి. దేశ్‌పాండే వంటివారు ఆ కరువులో పండిన పంట. 1969లో ఢిల్లీలో చైనా అధ్యయన బృందంగా కూడినవారి కృషి నుండే ఇనిస్టిట్యూట్ ఆఫ్ చైనీస్ స్టడీస్ పుట్టింది. వారిపై నాకున్న గౌరవం చెప్పనలవి కాదు. అయితే కరువులో పంట పండించిన రైతును పొగిడి, కాలువ తవ్వడం మానేస్తామా?

ఇప్పుడు అవతలి ఒడ్డు చూద్దాం. జి షియెన్‌లిన్ అనే చైనా యువకుడు 1935లో విద్యార్థుల మార్పిడి పథకం కింద జర్మనీలోని గ్యోటింగెన్‌కు వెళ్లాడు. రెండేళ్ల ఫెలోషిప్పు. మరుసటి సంవత్సరం సంస్కృతం మొదలుపెట్టాడు. గడువు తీరేసరికి జపాను చైనాపై దండెత్తింది, తిరిగివెళ్లే దారి మూసుకుపోయింది. ఆ విశ్వవిద్యాలయం అతణ్ణి వీధిలో వదిలేయలేదు. చైనీయం చెప్పే పని ఇచ్చి నిలుపుకొంది. తరువాత ప్రపంచయుద్ధం వచ్చింది. రెండేళ్ల కోసం వెళ్లినవాడు పదేళ్లు ఉన్నాడు. సంస్కృతం, పాళీ, చివరికి ఎవరూ మాట్లాడని తొఖారీ భాష కూడా నేర్చుకొన్నాడు. 1946లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్యభాషల శాఖ స్థాపించాడు. సాంస్కృతిక విప్లవకాలంలో అతణ్ణి అవమానించి, విద్యార్థుల వసతిగృహానికి కాపలాదారుగా కూర్చోబెట్టారు. ఆ గేటు దగ్గర కుర్చీలో కూర్చునే, 1973 నుండి నాలుగైదేళ్లపాటు వాల్మీకి రామాయణాన్ని మూలం నుండి చైనీయ పద్యాల్లోకి దించాడు. రామాయణం తెనిగించిన మన కవులకు రాజాశ్రయమో భక్తో అండగా ఉండేది. ఆయనకున్నది కాపలా కుర్చీ. 1980 నుండి 1984 వరకు ఆ సంపుటాలు వచ్చాయి. 2008లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆయనా, చిన్ కెము అనే మరో పండితుడూ కలిసి 1960లో సంస్కృత, పాళీ తరగతి ఒకటి నడిపారు. దానిలో చదివిన హువాంగ్ బావోషెంగ్ నాయకత్వాన సంపూర్ణ మహాభారతం 2005లో చైనీయంలో వెలువడింది. ఆయనకు 2015లో పద్మశ్రీ ఇచ్చాం.

ఒక్క సంగతి గమనించారా? ఆ తరగతి మొదలయిన రెండేళ్లకే, 1962లో, మనకూ వారికీ యుద్ధం వచ్చింది. తరగతి ఆగలేదు. 1965 దాకా సాగింది. శత్రుదేశపు భాష మనకెందుకని పట్టికలోంచి తీసివేయలేదు. చైనా ప్రభుత్వాన్ని పొగడడానికి నేనీ మాట చెప్పడం లేదు. జి షియెన్‌లిన్‌ను కాపలా కుర్చీలో కూర్చోబెట్టిందీ ఆ రాజ్యమే కదా! రామాయణ భారతాలు వారి చేతిలో వారి అక్షరాల్లో ఉన్నాయి, మన చేతిలో ఏమున్నది అని మాత్రమే అడుగుతున్నాను. నా అల్మైరాలో తెలుగులో ఉన్న చైనా పుస్తకాలు కొన్ని ఉన్నాయి, ఎర్ర అట్టలవీ ఉన్నాయి, కథలవీ ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు దారిన వచ్చినవే. చైనాను ఆరాధించిన మన తరంవారు దాన్ని ఇంగ్లీషులోనే ఆరాధించారు. ద్వేషిస్తున్న ఈ తరంవారు ఇంగ్లీషులోనే ద్వేషిస్తున్నారు. మధ్యలో ఆ దేశపువాడు తన భాషలో ఏమంటున్నాడో వినే తీరిక ఎవరికీ లేకపోయింది. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చి, ధాన్యకటకంలో నిలిచి చదువుకొన్న షువాన్‌జాంగ్ వ్రాసినదాన్ని కూడా మనం చరిత్ర పాఠాల్లో ఇంగ్లీషు నుండే చెప్పుకొన్నాం. సరే, అది వేరే వ్యాసం.

ఫెలోషిప్పుల పద్ధతి తప్పన్నాను కదా, అదెలాగో చెబుతాను. మన విశ్వవిద్యాలయ నిధుల సంఘం నెట్ పరీక్షలో చైనీయం ఒక విషయం. రాజనీతిశాస్త్రం మరొకటి, అర్థశాస్త్రం ఇంకొకటి. చైనీయం తీసుకొన్న పిల్లలకు భాష వస్తుంది, సాహిత్యం తెలుస్తుంది. అక్కడి పంచాయతీ ఎలా నడుస్తుందో, పన్ను ఎవరు వసూలు చేస్తారో అడిగే శిక్షణ ఉండదు. రాజనీతిశాస్త్రంలో ఫెలోషిప్పు పొంది చైనాపై పరిశోధనకు దిగిన పిల్లలకు ఆ శిక్షణ ఉంటుంది, భాష ఉండదు. భాష నేర్చుకొనేందుకు వారి ఫెలోషిప్పులో విడిగా ఒక్క రోజూ ఉండదు. గడియారం మొదటి నెలనుండే తిరుగుతుంది. రెండేళ్లు జూనియరు, మూడేళ్లు సీనియరు, మొత్తం అయిదేళ్లు. ఈ అయిదేళ్లలోనే మూడు వేల అక్షరాలు నేర్చుకోవాలి, చైనాకు వెళ్లాలి, సమాచారం తేవాలి, సిద్ధాంతవ్యాసం వ్రాయాలి. బాలవ్యాకరణం ఒంటబట్టడానికే నాకెన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు, అదీ మాతృభాషకు. కళ్లున్నవాడికి కాళ్లు లేవు, కాళ్లున్నవాడికి కళ్లు లేవు. ఒకరి భుజాన ఒకరిని ఎక్కించే ఏర్పాటైనా మనం చేయలేదు.

నా దగ్గర ఆరో తరగతి నుండి పదో తరగతి దాకా చదివిన అమ్మాయి ఒకతె ఉంది. పేరు వ్రాయను. పాలమూరు జిల్లా పిల్ల. తల్లిదండ్రులు మేస్త్రీ వెంట పనికి పోతే ఏడాదిలో సగం అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఢిల్లీలో చైనీయంలో ఎం.ఏ. చేసి, ఫెలోషిప్పు తెచ్చుకొని, 2019లో పరిశోధనకు చేరింది. చైనాలో 'హుకోవ్' అని ఒక కుటుంబ నమోదు పద్ధతి ఉంది. 1958 నుండి చట్టబద్ధంగా అమలులో ఉంది. పల్లెలో నమోదైనవాడు పట్నానికి కూలికి పోవచ్చు, కానీ పట్నపు బడిలో వాడి పిల్లలకు సమానమైన హక్కు అంత సులభంగా దొరకదు. అందువల్ల కోట్లమంది పిల్లలు ఊళ్లో తాతల దగ్గర మిగిలిపోతున్నారు. ఆ పిల్లల చదువు ఈమె పరిశోధనాంశం. ఎందుకు ఎంచుకొన్నావమ్మా అంటే "నాకు తెలిసింది అదే కదా మాస్టారూ" అంది.

2020లో సరిహద్దులు మూసుకున్నాయి. విద్యార్థి వీసాలు 2022 ఆగస్టు చివరిదాకా తెరుచుకోలేదు. ఆ మధ్య నెలల తరబడి ఫెలోషిప్పు డబ్బు చేతికందలేదు. అడిగితే విశ్వవిద్యాలయంవారు ఒక కిటికీ చూపించారు, ఆ కిటికీవారు మరో కిటికీ చూపించారు. వీసాలు తెరుచుకొనే వేళకు మూడేళ్లు ఖర్చయిపోయాయి. 2023 ఏప్రిల్ నుండి చైనాలోని అతిపెద్ద విద్వత్ భాండాగారం సి.ఎన్.కె.ఐ. తన సిద్ధాంతవ్యాసాలనూ, సదస్సుల పత్రాలనూ, గణాంక సంపుటాలనూ బయటిదేశాల పాఠకులకు మూసివేసింది. ఆ ఏడాదే ఈమె పరిశోధన వదిలేసి బెంగుళూరులో ఒక కంపెనీలో చేరింది. సెల్‌ఫోను విడిభాగాల బిల్లులూ ఒప్పందాలూ చైనీయం నుండి ఇంగ్లీషులోకి మారుస్తుంది. జీతం ఫెలోషిప్పుకు రెట్టింపు. ఆమెను తప్పుపట్టను, తమ్ముడి చదువు ఆమె మీదే ఉంది. పాలమూరు వలసకూలీల బిడ్డ చైనా వలసకూలీల బిడ్డలను గురించి వ్రాయవలసిన పుస్తకం మాత్రం లేకుండాపోయింది. అలాంటి పుస్తకం హార్వర్డ్‌వాడు వ్రాయలేడు. ఇది నాకు గుండెలో ముల్లు.

చైనావాళ్లే తలుపులు మూస్తుంటే మనం ఫెలోషిప్పులిచ్చి ఏం ప్రయోజనం అనేవారికి జవాబు ఇక్కడే చెప్పాలి. మూసే మాట నిజం. 2004లో పరిశోధకులకు తెరిచిన తమ విదేశాంగశాఖ పాత దస్తావేజులను 2012, 2013 ప్రాంతంలో మళ్లీ చాలావరకు మూసేశారు. 2023లో ఇరుదేశాలూ పంతానికి పోయి ఒకరి విలేకరులను ఒకరు వెళ్లగొట్టుకొన్నారు. తలుపు తెరిచి ఉన్నప్పుడు పర్యాటకుడు సరిపోతాడు. మూసినప్పుడే సందులోంచి చూడగలవాడు కావాలి. లాదాన్యి అని హంగేరీ దేశపు జెసూట్ గురువు ఒకాయన హాంకాంగ్‌లో కూర్చుని 1953 నుండి 1982 వరకు చైనాపై ఒక చిన్న వార్తాపత్రిక నడిపాడు. ఆయన వద్ద రహస్యాలేవీ లేవు. చైనా ప్రభుత్వ పత్రికలనే, రేడియోనే, శ్రద్ధగా చదివాడు, విన్నాడు. నిన్న ఉన్న విశేషణం నేడు ఎందుకు లేదని గమనించాడు. ఇది పండితుడి పని. వ్యాఖ్యాతలు ఒక శబ్దం ఎక్కడ మారిందో పాఠాంతరాలు పట్టి చూసినట్లే.

యంత్రమే అనువదిస్తుంటే మనిషికి ఏళ్లతరబడి భాష నేర్పడమెందుకనేది ఈమధ్య పుట్టిన వాదం. యంత్రాన్ని తిట్టను, కూరగాయల ధర అడగడానికి అది చాలు. రెండు మాటలు చూడండి. చైనా కమ్యూనిస్టు పార్టీలో 'షువాన్‌చువాన్' శాఖ అని ఒకటి ఉంది. ఇంగ్లీషులో దాన్ని మొదట దుష్ప్రచారమనే వాసన వచ్చే మాటతో పిలిచేవారు. 1990ల చివర దాన్ని మార్చి, సమాచార ప్రకటన అనే మర్యాద మాట పెట్టుకొన్నారు. చైనీయంలో పేరు ఒక్క అక్షరం మారలేదు! ఇంగ్లీషు మాత్రమే చదివినవాడు ఏదో సంస్కరణ జరిగిందనుకొంటాడు. తెలుగులో అయితే ఈ చిక్కే లేదు. మన 'ప్రచారం' ఆ రెంటినీ మోస్తుంది, మశూచికి టీకాల ప్రచారమూ ప్రచారమే, ఎన్నికల అబద్ధాల ప్రచారమూ ప్రచారమే. చైనీయం నుండి నేరుగా తెలుగులోకి రాగలిగితే మనకు ఇంగ్లీషువాడికంటే స్పష్టంగా కనబడే సంగతులు ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో!

రెండోది ఇంతకన్నా గడ్డు మాట. తెంగ్ షియావోపింగ్ విదేశాంగనీతికి గుర్తుగా నాలుగక్షరాల సమాసం ఒకటి చెబుతారు, 'తావ్ గువాంగ్ యాంగ్ హుయి'. వెలుగును ఒరలో పెట్టి, మరుగున పెరగమని అక్షరార్థం. అమెరికా రక్షణశాఖ నివేదికలు దీన్ని 'సత్తా దాచిపెట్టి అదను కోసం కాచుకో' అనే అర్థంలో అనువదించాయి. ఇక అందరూ దాన్నే పట్టుకొన్నారు. విరాటపర్వం చదివినవారికి ఇందులోని చిక్కు తేలికగా అర్థమవుతుంది. ఆయుధాలు జమ్మిచెట్టు మీద పెట్టి వంటవాడుగా, పేడిగా బతికిన పాండవులది నియమమా, కపటమా? ధర్మరాజు కొలువులో ఒకలాగా, దుర్యోధనుడి కొలువులో మరొకలాగా కనిపిస్తుంది. ఆ నాలుగక్షరాలు అజ్ఞాతవాసమో, కొంగజపమో తేల్చేది యంత్రం కాదు. ఎవరు, ఎవరితో, ఏ సంవత్సరంలో, ఏ సభలో అన్నారో తెలిసిన మనిషి తేల్చాలి. అంతెందుకు, మన పత్రికలు రోజూ వ్రాసే 'వాస్తవాధీన రేఖ' అనే మాటకు పుట్టుక చౌ ఎన్‌లై 1959 నవంబరు 7న నెహ్రూకు వ్రాసిన లేఖలోని వాక్యం. అవతలివాడు పుట్టించిన మాటతో అవతలివాడితో పోట్లాడుతున్నాం, ఆ మాట వాడి భాషలో ఏమేమి అర్థాలు మోస్తుందో అడక్కుండానే.

మరొక ఆక్షేపణ ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోను. చైనా చదువులో చైనా సొమ్ము కలుస్తుంది, సొమ్ముతోపాటు షరతులు వస్తాయి అంటారు. నిజమే. 2017 ఆగస్టులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం చైనావారు కోరారని 'చైనా క్వార్టర్లీ' పత్రికలోని 315 అంశాలను ఆ దేశంలో కనబడకుండా చేసింది. పండితులు గగ్గోలు పెట్టాక కొద్దిరోజులకే వెనక్కి తగ్గింది. 2021 మార్చిలో చైనా బెర్లిన్‌లోని మెరిక్స్ అనే అధ్యయన సంస్థపైనే ఆంక్షలు పెట్టింది, కొందరు పండితులపై కూడా పెట్టింది. 2020 ఆగస్టులో మన ప్రభుత్వం 7 విద్యాసంస్థల కన్ఫ్యూషియస్ కేంద్రాలనూ, 54 ఒప్పందాలనూ సమీక్షకు పెట్టింది. పెట్టడంలో తప్పులేదు. కానీ అవతలివాడి సత్రంలో భోంచేయవద్దని చెప్పేవాడు ఇంట్లో పొయ్యి వెలిగించాలి కదా! మనం ఇవ్వకపోతే వారిస్తారు. వారు కాకపోతే అమెరికావారిస్తారు. బీజింగులోని ఛింగ్‌హువా విశ్వవిద్యాలయంలో ష్వార్జ్‌మన్ ఫెలోషిప్పు ఉంది, ఏడాదిలో ఇంగ్లీషులోనే చైనా చదివి రావచ్చు. మెరికల్లాంటి పిల్లలు వెళ్తున్నారు, మంచి స్నేహాలు సంపాదించుకొంటున్నారు. దాన్ని చైనా అధ్యయనమంటే మాత్రం తాజమహలు ముందు ఫొటో దిగినవాణ్ణి ఉర్దూ పండితుడనాలి. ఢిల్లీలోని ఇనిస్టిట్యూట్ ఆఫ్ చైనీస్ స్టడీస్ వారు హార్వర్డ్-యెన్‌చింగ్ సంస్థతో కలిసి కొన్నేళ్ల కాలపరిమితి గల పరిశోధక ఫెలోషిప్పు ఒకటి పెట్టారు. దానిలో భాషకు విడిగా కాలం కేటాయించారు. పద్ధతి అది. దాని డబ్బు మాత్రం మనది కాదు. యెన్‌చింగ్ సంస్థ 1928లో పుట్టింది అల్యూమినియం తీసే ఉపాయం కనిపెట్టిన హాల్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆస్తితో. ఢిల్లీ కుర్రవాడు చైనా చదవడానికి అమెరికా అల్యూమినియం! వందకోట్లు దాటిన దేశానికి ఇది సిగ్గనిపించడం లేదా?

లెక్క చూద్దాం, కోటలు కట్టేటంత ఖర్చేమీ కాదు. 2023 జనవరి 1 నుండి జూనియరుకు నెలకు 37,000 రూపాయలు, సీనియరుకు 42,000. ఇంటి అద్దె వంటివి పక్కన పెడితే అయిదేళ్లకు ఒక్కరికి సరిగ్గా 24 లక్షలు. దానికి ముందు భాషకోసమే రెండేళ్లు కలిపి జూనియరు వేతనమే ఇస్తే మరో 8 లక్షల 88 వేలు. అంటే ఏడేళ్లకు 32 లక్షల 88 వేలు. వందమందిని తయారుచేయాలంటే ఏడేళ్లమీద 33 కోట్లలోపు, చైనా వెళ్లిరావడానికయ్యేది వేరే. 3,488 కిలోమీటర్ల సరిహద్దుకు ఆవల ఏమి వ్రాస్తున్నారో, ఏమి మాట్లాడుతున్నారో చదవగల వందమంది! ఒక వంతెన శంకుస్థాపన ప్రకటనలకు అయ్యే ఖర్చు కూడా మీరే ఊహించుకోండి.

ఆ రెండేళ్లు చైనాలోనే గడవాలని పట్టుపట్టనక్కరలేదు. దారులు మూసుకుంటే తైవాన్ ఉంది, సింగపూరు ఉంది, చీనా భవనమూ ఉంది. 2025 అక్టోబరులో కలకత్తా నుండి గ్వాంగ్‌జౌకు నేరు విమానం మళ్లీ మొదలయింది. మళ్లీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు గనుక, సరిహద్దు మూసిననాళ్లు ఫెలోషిప్పు గడియారం కూడా ఆగేలా నిబంధన వ్రాయాలి. 2019లో చేరిన పిల్లల అయిదేళ్లు 2024లో తీరిపోయాయి, విమానం వచ్చింది ఆ మరుసటి ఏడు. ఈ ఒక్క సంగతి నిబంధనలు వ్రాసేవారి బల్లమీద అతికించదగినది. జూనియరు ఫెలోషిప్పుకు సాధారణంగా ముప్పై ఏళ్ల వయోపరిమితి పెట్టారు. రాజనీతిశాస్త్రమో అర్థశాస్త్రమో చదివి, ఇరవై ఏడో ఏట చైనీయం మొదలుపెట్టాలనుకొన్న పిల్లవాడికి ఆ గీత ముందే తలుపు వేస్తోంది. చైనీయానికైనా దాన్ని ముప్పైఅయిదు చేయాలి. మధ్యలో వదిలేసి కంపెనీల్లో చేరినవారు ఇలాంటి భాష వచ్చినవారైతే, మూడునాలుగేళ్ల తరువాతనైనా తిరిగి వచ్చి, మిగిలిన ఫెలోషిప్పు కాలాన్ని వాడుకొనే వీలుండాలి. బెంగుళూరులో బిల్లులు అనువదించే నా శిష్యురాలికి ఇప్పుడు ముప్పైరెండేళ్లు. తను సేకరించిన కాగితాల పెట్టె ఇంకా పారేయలేదట.